లంగరుకు అరగంట చాలదు

సంపాదకులకు,

నమస్కారం. బాసరలో పిల్లలకు అక్షరాభ్యాసం చేయించుకుని అటునుంచి అటే నాందేడ్ గురుద్వారాకు వెళ్లే టూరు బస్సులూ, బీదర్‌లో ఝర్ణీ నరసింహస్వామిని చూసుకుని నానక్ ఝీరా గురుద్వారాకు వచ్చే బస్సులూ ఏడాది పొడవునా కనిపిస్తాయి. సంతోషమే. అయితే ఈ టూర్ల కార్యక్రమం కాగితంలో గురుద్వారాకు ఎదురుగా ఉండేది తరచుగా ఒక్కటే ముక్క: 'మధ్యాహ్న భోజనం, అరగంట'. గురుద్వారాలో వచ్చినవాళ్లందరికీ ఉచితంగా పెట్టే ఆ భోజనమే లంగరు. అక్కడ తలెత్తే చిక్కులన్నీ ఆ అరగంటలోంచే పుడుతున్నాయి. యాత్రల పేజీల్లో దూరాలు, గదుల అద్దెలు వస్తాయి గానీ, గురుద్వారా లోపలికి వెళ్లాక ఏం చేయాలో, ఎందుకు చేయాలో అరుదుగా కనిపిస్తుంది. అందుకని ఈ ఉత్తరం కాస్త పొడుగైనా వేయమని మనవి.

అరగంటలో ఏం జరుగుతుందో చూడండి. యాభై మంది ఒక్కసారిగా దిగుతారు. కొందరు చెప్పులు బస్సులోనే వదిలేసి కాలే రాళ్ల మీద గెంతుతూ వస్తారు, కొందరు గేటు ముందే కుప్పపోస్తారు. ప్రార్థన జరిగే దర్బారు హాలు మొహమైనా చూడకుండా లంగరు హాలు ఎటని అడుగుతారు. తల మీద పరుచుకున్న జేబురుమాలు వంగినప్పుడల్లా పళ్లెంలో పడుతుంది. వరసలో కూర్చుని రెండు ముద్దలు తిన్నారో లేదో డ్రైవరు ఫోను. సగం రొట్టె పళ్లెంలోనే వదిలి లేచిపోతారు. లంగరులో పనిచేసేవాళ్లకు అన్నిటికంటే కష్టంగా తోచేది ఆ వదిలేసిన సగమే. వాళ్లు పైకి ఏమీ అనరు. అనలేదు కాబట్టి మనం ఏ తప్పూ చేయలేదనుకుని వచ్చేస్తాం.

ముందు చెప్పుల సంగతి. గురుద్వారా ముందు 'జోడా ఘర్' ఉంటుంది. చెప్పులిస్తే టోకెన్ ఇస్తారు, డబ్బు తీసుకోరు. అక్కడ చెప్పులందుకునేవాళ్లలో చాలామంది సేవకు వచ్చిన భక్తులే. దుకాణాల యజమానులుంటారు, ఆఫీసర్లుంటారు, దుమ్ము తుడిచి మరీ అరల్లో సర్దుతారు. కాబట్టి విసరకుండా జత కలిపి చేతికివ్వాలి. సాక్సులు కూడా తీసేయాలి. చేతులు కడుక్కుని ముందుకెళ్తే చాలా గురుద్వారాల్లో గుమ్మం ముందు పాదాలు తడిసేలా లోతు తక్కువ కాలువ ఉంటుంది. పక్కనుంచి గెంతకుండా అందులోంచే నడవాలి. ఆ తడి పాదాలతో పాలరాయి మీద పరుగెత్తే పిల్లలు జారిపడతారు, చెయ్యి పట్టుకోవడం మంచిది.

తల కప్పుకోవడానికి గేటు దగ్గర బుట్టలో నారింజ, పసుపు, నీలం గుడ్డలుంటాయి. నలుచదరపు గుడ్డను మూలగా మడవాలి. పొడవాటి అంచును కనుబొమ్మలకు మూడు వేళ్ల ఎత్తులో నుదుటికి ఆనించి, రెండు కొసలనూ చెవుల మీదుగా వెనక్కి తీసుకెళ్లి ముడి వేయాలి. వెనక వేలాడే మూడో కొసను ముడి కిందికి దోపితే ఇక ఎంత వంగినా ఊడదు. నైలాను గుడ్డ జారుతుంది, నూలుది వెతుక్కోండి. క్రికెట్ టోపీ పనికిరాదు. తిరుపతి నుంచి గుండుతో నేరుగా వచ్చినవాళ్లయినా కప్పుకోవాల్సిందే. ఆడవాళ్లకు చీర కొంగు, చున్నీ చాలు. పట్టుచీర కొంగు నిలవదు కాబట్టి ఒక పిన్నీసు పెట్టుకుంటే పదేపదే సర్దుకునే బాధ తప్పుతుంది. దర్బారులోంచి బయటికి రాగానే గుడ్డ తీసి భుజాన వేసుకోవడం మనవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు. లంగరు హాల్లో, వంటశాలలో, పళ్లేలు కడిగే చోట కూడా తల మీద గుడ్డ ఉండాలి.

పొగాకు విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. బీడీ కట్ట, సిగరెట్ పెట్టె, గుట్కా, జర్దా పొట్లం, ఏదైనా సరే వాడకపోయినా జేబులో ఉంటే చాలు, తప్పే. బస్సులో వదిలి దిగాలి. తాగి రావడం గురించి వేరే చెప్పక్కర్లేదు. కొబ్బరికాయ, అగరుబత్తీ, పసుపు కుంకుమ తేనక్కర్లేదు. గోత్రనామాల అర్చన లేదు. కులం, మతం అడిగేవాళ్లు లేరు. బహిష్టు రోజులని బస్సులోనే కూర్చుండిపోయే ఆడవాళ్లు కనబడుతుంటారు. సిక్కు ధర్మంలో ఆ అంటు లేదు. దర్బారుకూ రావచ్చు, వంటశాలలో రొట్టెలూ ఒత్తవచ్చు. టూరు నడిపేవాళ్లు ఈ ఒక్కమాట బస్సులోనే ముందుగా చెబితే ఎంత మేలో.

దర్బారు హాల్లో చాందినీ కింద కొలువై ఉండేది గురు గ్రంథ్ సాహిబ్. సిక్కులకు ఆ గ్రంథమే సజీవ గురువు. చామరం వీచేది అందుకే, రాత్రి వేళ గౌరవంగా మోసుకెళ్లి విశ్రాంతికి ఉంచేది అందుకే, ఆ పీఠం కన్నా ఎత్తులో ఎవరూ కూర్చోనిదీ అందుకే. 1430 పుటల ఆ గ్రంథంలో గురువుల వాణితో పాటు కబీర్, రవిదాస్, నామదేవ్, షేక్ ఫరీద్ పదాలు కూడా ఉన్నాయి. ఎదుటికి వెళ్లి మోకాళ్ల మీద వంగి నుదురు నేలకు ఆనించి లేవాలి. గోలక్ అనే హుండీలో డబ్బు వేయడం మన ఇష్టం, వేయకపోయినా అడిగేవాళ్లు లేరు. ప్రదక్షిణ మనలాగే కుడివైపుగా. తర్వాత ఒక పక్కకు జరిగి కింద కూర్చోవాలి. పాదాలు గ్రంథ్ సాహిబ్ వైపు చాపకూడదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు గోడవారగా కూర్చుని కాళ్లు పక్కకు మడుచుకుంటే సరిపోతుంది. అర్దాస్ అనే ప్రార్థన మొదలు కాగానే అందరూ లేచి చేతులు జోడిస్తారు, మనమూ లేవాలి. ఆ సమయంలో అటూ ఇటూ తిరగకూడదు, ఫోను మోగకూడదు. నాందేడ్‌కు ఇందులో ఒక ప్రత్యేకత ఉంది. తన తర్వాత గురుత్వం ఆ గ్రంథానిదేనని పదో గురువు గురు గోవింద్ సింగ్ ప్రకటించి, 1708లో దేహం చాలించింది అక్కడే. తఖ్త్ సచ్‌ఖండ్ హజూర్ సాహిబ్ అన్న కట్టడాన్ని తర్వాత 1830లలో మహారాజా రంజిత్ సింగ్ కట్టించారు.

దర్బారులో ఇచ్చేది కడా ప్రసాదం. గోధుమపిండి, నెయ్యి, చక్కెర సమపాళ్లు. ఈ కొలత సిక్కుల నియమావళి అయిన సిక్కు రహత్ మర్యాదలోనే రాసి ఉంది, వంటవాడి ఇష్టానికి వదల్లేదు. కిలో పిండికి కిలో నెయ్యి, కిలో చక్కెర, మూడు లీటర్లకు అటూ ఇటూగా నీళ్లు. ఒక పొయ్యి మీద నెయ్యిలో పిండిని సన్నటి సెగన ముదురు రంగు వచ్చేదాకా వేయించాలి, పక్క పొయ్యి మీద చక్కెర నీళ్లు మరుగుతూ ఉండాలి. చల్లటి నీళ్లు పోస్తే ఉండలు కడుతుంది. పిండి సరిగా వేగకపోతే పచ్చివాసన కొట్టి పళ్లకు అతుక్కుంటుంది. మరిగే చక్కెర నీళ్లు పిండిలో పడ్డ క్షణంలో బుస్సుమని పొంగి చిమ్ముతుంది. కలిపేవాళ్లు పొడుగు కాడల గరిటెలతో దూరంగా నిలబడేది అందుకే. ముద్ద అడుగు వదిలి, అంచుల్లో నెయ్యి తేలితే దించుతారు. దాన్ని రెండు చేతులూ దోసిలి పట్టి తీసుకోవాలి. షుగరున్నవాళ్లు 'థోడా' అంటే చిటికెడే పెడతారు. వద్దనడం మర్యాద కాదు, తీసుకుని మూలన పెట్టేయడం అంతకన్నా తప్పు. చేతికంటిన నెయ్యిని రెండు చేతులకూ రుద్దుకుంటారు. స్తంభాలకూ తివాచీకీ తుడిస్తే ఆ మరక వదిలించడం ఇంకొకరికి గంట పని.

ఇక లంగరు. హాలు వాకిట్లో పళ్లెం, గిన్నె, చెంచా ఇస్తారు. లోపల పొడుగాటి పట్టాలు పరచి ఉంటాయి, ఆ వరసే పంగత్. నచ్చినచోట కాకుండా ముందువాళ్లు ఎక్కడ ఆపారో అక్కడినుంచి, మధ్యలో సందు వదలకుండా కూర్చోవాలి. మనవాళ్లు ఇల్లంతా ఒకేచోట కూర్చోవాలని చెయ్యి చాపి నలుగురికి చోటు పట్టి ఉంచుతారు. వడ్డించేవాళ్లు బకెట్లతో నడుస్తూ వస్తారు కదా, సందు కనబడితే వరస అక్కడితో అయిపోయిందనుకుని వెనక్కి తిరుగుతారు. ఆ తర్వాత వచ్చి కూర్చున్న నలుగురికీ పళ్లెంలో పప్పు ఉండదు, 'మాకు పెట్టలేదు' అని కేకలు మొదలవుతాయి.

రొట్టెను అక్కడ పర్షాదా అంటారు. దాన్ని పళ్లెంలో వేయరు. రెండు అరచేతులూ పక్కపక్కన చేర్చి పైకి పట్టుకుంటే, పైనుంచి వదులుతారు. మీరు చేతులు చాపకుండా పళ్లెం ముందుకు తోస్తే, వద్దన్నారనుకుని వడ్డించే ఆ సేవాదార్ దాటి వెళ్లిపోతాడు. అది కోపమని మనవాళ్లు నొచ్చుకుంటారు. బుట్టలోంచి మనమే తీసుకోవడం కూడదు. 'దాల్ జీ', 'పర్షాదా జీ', 'జల్ జీ' అని పిలుస్తూ ఒకరి వెనక ఒకరు వస్తారు. చాలనుకుంటే పళ్లెం మీద అరచెయ్యి అడ్డం పెడితే సరి, మాట అక్కర్లేదు. మొదటి విడత కావాలనే తక్కువ వడ్డిస్తారు, రెండోసారీ మూడోసారీ వస్తారు. ఇది తెలియక, మళ్లీ రారేమోనన్న బెంగతో, పెళ్లి భోజనంలో లాగా మొదటిసారే నాలుగు రొట్టెలు పెట్టించుకుంటారు. రెండు తినేసరికి కడుపు నిండుతుంది, మిగతా రెండూ చెత్త డ్రమ్ములోకి. చిన్నపిల్లలకు విడిగా పళ్లెం తీసుకోకుండా తల్లి ఒక రొట్టె తీసుకుని సగం తుంచి పెడితే చాలు. పిల్లవాడు అడిగితే రెండో విడత ఎలాగూ ఉంది.

పప్పు ఎక్కువగా పొట్టు తీయని మినుములు, శనగపప్పు కలిపి వండింది. ఒక కూర, కొన్నిచోట్ల అన్నం, ఖీరు ఉంటాయి. ఉల్లి, వెల్లుల్లి పడతాయి. మాంసం, గుడ్డు ఉండవు. కారం మన నాలుకకు చప్పగానే తగులుతుంది, ఒప్పుకోవాల్సిందే. సంచిలోంచి ఆవకాయ సీసా తీసి వరస పొడుగునా తలా ఒక ముక్క పంచే పెద్దాయన ప్రతి బస్సులోనూ ఒకరుంటారు. ప్రేమతోనే చేస్తారు గానీ పంగత్‌లో బయటి తిండి విప్పకూడదు. పక్కన కూర్చున్నది కలెక్టరైనా కూలీ అయినా ఒకే పప్పు, ఒకే రొట్టె, ఒకే నేల అన్న కట్టడి మీదే అది నిలబడింది. 'ముందు పంగత్, తర్వాత సంగత్', అంటే ముందు వరసలో భోజనం, ఆ తర్వాతే గురువు సన్నిధిలో కూడిక అన్నది మూడో గురువు అమర్‌దాస్ నియమం. ఆయన ఉండే గోయింద్‌వాల్ వచ్చిన అక్బర్ చక్రవర్తి కూడా అందరితో పాటు నేల మీద కూర్చుని తిన్నాకే గురు దర్శనం చేసుకున్నాడని సిక్కుల సంప్రదాయ కథనం. అంతకుముందే రెండో గురువు అంగద్ భార్య మాతా ఖీవీ చేతిమీదుగా లంగరు నడిచింది, గ్రంథ్ సాహిబ్ ఆమెను పేరు పెట్టి, ఆమె నెయ్యి వేసి పెట్టిన ఖీరునూ తలుస్తుంది. నేల మీద కూర్చోవడాన్ని వాళ్లు ఎంత పట్టింపుగా చూస్తారంటే, కెనడాలో లంగరు హాళ్లలో బల్లలు, కుర్చీలు వేయడం మీద పెద్ద గొడవే నడిచి, 1998లో సిక్కుల అత్యున్నత మతపీఠం అకాల్ తఖ్త్ వాటిని వద్దని ఆదేశం ఇచ్చింది. కింద కూర్చోలేని పెద్దవాళ్ల మాట వేరు. గోడ పక్కన ఏదో ఒక ఏర్పాటు చేస్తారు, అడగడానికి మొహమాటపడనక్కర్లేదు.

తిన్నాక పళ్లెం మనమే తీసుకెళ్లాలి. బయట అందుకునేవాళ్లు నిలబడి ఉంటారు. మెతుకులేమైనా ఉంటే డ్రమ్ములోకి, చెంచా విడిగా చెంచాల తొట్లోకి, పళ్లెం వాళ్ల చేతికి. ఈ మూడూ కలిపి ఇచ్చేస్తే పని రెట్టింపవుతుంది. చెంచా పళ్లేల మధ్య ఇరుక్కుని సబ్బునీళ్ల తొట్టి అడుగుకు చేరుతుంది, చెయ్యి పెట్టి దేవేవాళ్ల వేళ్లకు గీరుకుంటుంది. తొట్లు వరసగా మూడు నాలుగు ఉంటాయి. మొదటిదాంట్లో ఎంగిలి వదులుతుంది, తర్వాతిదాంట్లో సబ్బు, మిగతావాటిలో మంచినీళ్లు. రొట్టెలు మూటకట్టి బస్సులోకి పట్టుకెళ్లడం బాగుండదు. బస్సులో జబ్బుమనిషి ఉంటే ఆ మాట చెప్పి లంగరువాళ్లను అడగండి.

సేవ గురించి ఇప్పుడు. తిన్నవాళ్లు ఎంతోకొంత పని చేసి వెళ్తారన్న నమ్మకం మీదే ఆ వంటశాల నడుస్తుంది. జీతానికి ఉండే వంటవాళ్లు కొద్దిమంది, మిగతా చేతులన్నీ వచ్చిపోయేవాళ్లవే. తిని లేచిపోయే బస్సు వల్ల వాళ్లకు ఖర్చు పెద్దగా పెరగదు గానీ, చేతులు తగ్గుతాయి. 'సేవా కర్నీ హై జీ' అంటే చాలు, ఎక్కడ కూర్చోవాలో చూపిస్తారు. కొత్తవాళ్లకు అన్నిటికంటే అనువైనవి వెల్లుల్లి ఒలవడం, ఉల్లిపాయలు, ఆలుగడ్డలు కోయడం, పళ్లేలు తుడిచి ఇవ్వడం, నీళ్లు పోయడం. ఆలుగడ్డ ముక్కలన్నీ ఒకే సైజులో ఉండాలి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అయితే పెద్ద గిన్నెలో చిన్నవి చిదికిపోయేసరికి పెద్దవి ఇంకా గట్టిగానే ఉంటాయి. ఉంగరాలు, గాజులు తీసి జాగ్రత్త చేసుకుని కూర్చోండి, పిండిలో పడితే దొరకవు.

ఉత్సాహంగా పప్పు బకెట్ ఎత్తుకోవడం మాత్రం మొదటిరోజు వద్దు. నిండు బకెట్ పది కిలోలు దాటుతుంది, అదీ పొగలు కక్కే పప్పు. అలవాటు లేనివాళ్లు బకెట్‌ను ఎత్తులో పట్టుకుని గరిటె పైనుంచి వంపుతారు, అది కూర్చున్నవాళ్ల ఒళ్లో చిందుతుంది. బకెట్ అడుగు పళ్లెం అంచుకు దగ్గరగా ఉండాలి, గరిటె సగమే నింపాలి, నడుం కాకుండా మోకాళ్లు వంచాలి. నేల మీద పప్పు చుక్క పడితే వెనక వచ్చేవాడు జారతాడు, వెంటనే గుడ్డతో తుడిచి కదలాలి.

రొట్టెల దగ్గర మనవాళ్లు బాగా రాణిస్తారు. నిజామాబాద్, ఆదిలాబాద్ వైపు జొన్నరొట్టె చేత్తో కొట్టే ఆడవాళ్లు పొడుగాటి ఇనుప పెనం ముందు కూర్చుంటే చూడాలి, అక్కడివాళ్లే పక్కకు జరిగి చోటిస్తారు. పిండి ఉండలు నిమ్మకాయంత. తడిగుడ్డ కప్పకపోతే పైపొర ఎండి, రొట్టె అంచులు పగులుతాయి. పొడిపిండి ఎక్కువ చల్లితే ఒత్తడం తేలికే గానీ ఆ పిండి పెనం మీద మాడి, పొగ కమ్మి, తర్వాతి వంద రొట్టెలకు నల్ల మచ్చలు పడతాయి. అందుకని పెనాన్ని మధ్యమధ్య పొడిగుడ్డతో తుడుస్తుంటారు. మధ్యలో పలచగా, అంచు మందంగా ఒత్తితే అంచు పచ్చిగా ఉండిపోతుంది. ఇంకో సంగతి: గురువుకు సమర్పించి అర్దాస్ అయ్యేదాకా వంటను రుచి చూడరు. ఉప్పు కొలిచి వేస్తారే తప్ప నాలుక మీద వేసుకుని చూడరు. గరిటె అరచేతిలో వంచుకుని చప్పరించే మన అలవాటును వంటశాల గుమ్మం బయటే వదలాలి.

పుట్టినరోజుకో, పెద్దల జ్ఞాపకార్థమో లంగరు సేవ తీసుకునే తెలుగు కుటుంబాలకు ఇంకొన్ని మాటలు. హైదరాబాద్‌లో అమీర్‌పేట, గౌలిగూడ గురుద్వారాల్లో, విశాఖ గురుద్వారాలో ముందుగా గ్రంథ్ సాహిబ్ చదివే గ్రంథీతోనో కమిటీతోనో మాట్లాడుకుని తేదీ ఖాయం చేసుకోవాలి. వండిన తిండి బయటినుంచి తెస్తే తీసుకోరు, కేటరింగ్ వాళ్లను దింపడం అసలే కుదరదు. గుడ్డు వేసిన కేకు లోపలికి రాకూడదు. సరుకులు ఇవ్వచ్చు, లేదా డబ్బు కట్టి రసీదు తీసుకోవచ్చు. సరుకులైతే సీలు తీయనివి, అదీ స్టోరు చూసేవాళ్లను అడిగాకే. అందరూ బియ్యం బస్తాలే తెస్తారు, వాళ్లకు అవసరమైనవి తరచుగా నెయ్యి, పాలపొడి, గిన్నెలు తోమే సబ్బు. బ్యానరు కట్టి పేరు వేయించుకునే ఆలోచన ఉంటే మానుకోండి.

నూరుమందికి లెక్క ఇలా వేసుకోవచ్చు. పప్పు 5 నుంచి 6 కిలోలు, అందులో మూడు వంతులు మినుములు, ఒక వంతు శనగపప్పు. పిండి 8 నుంచి 10 కిలోలు. కిలో పిండికి నలభై దాకా రొట్టెలు వస్తాయి, మనిషికి మూడు లెక్క. రొట్టెతో పాటు అన్నం కూడా ఉంటే బియ్యం 4 కిలోలు చాలు. మన ఇళ్ల లెక్కన 10 కిలోలు వండిస్తే సగం మిగులుతుంది. ఖీరుకు పాలు 10 లీటర్లు, బియ్యం కిలో లోపే, చక్కెర కిలో పైచిలుకు. పప్పు నీళ్లతో కలిసి పాతిక లీటర్ల దాకా అవుతుంది కాబట్టి ఉప్పు పావుకిలో దగ్గర ఆపాలి. మినుములు ముందురోజు రాత్రే నానాలి. దక్కన్‌లో బోరు నీళ్లు చాలాచోట్ల గట్టివి, వాటితో వండితే ఎంతసేపు ఉడికించినా గింజ లొంగదు. నానబెట్టడానికీ ఉడికించడానికీ తేట మంచినీళ్లు వాడాలి. టమాటా ముందే వేసినా అదే తంటా, పప్పు మెత్తబడ్డాకే వేయాలి. పెద్ద గిన్నెలో అడుగంటడం ఇంకో ప్రమాదం. మాడు వాసన మొదలైతే గరిటెతో అడుగు గోకకూడదు, గోకితే వాసన మొత్తానికి ఎక్కుతుంది. కదపకుండా పైపప్పును వేరే గిన్నెలోకి వంచేసుకోవాలి.

ఇదంతా ఎవరి డబ్బుతో నడుస్తుందని చాలామంది అడుగుతారు. సిక్కులు సంపాదనలో పదోవంతు తీసిపెట్టే దస్వంద్, గోలక్‌లో పడే కానుకలు, రైతులు ట్రాక్టర్లలో తెచ్చి దించే గోధుమలు, కూరగాయలు. ప్రభుత్వం నుంచి వచ్చేది ముఖ్యంగా సరుకుల మీద కట్టిన పన్నులో కొంత వెనక్కి ఇచ్చే సేవా భోజ్ యోజన. 2018లో వచ్చిన ఆ పథకం కింద నెలకు కనీసం 5000 మందికి ఉచితంగా పెట్టే సంస్థలకు నెయ్యి, నూనె, చక్కెర, బియ్యం, పిండి, పప్పుల మీద కేంద్రం వాటా జీఎస్టీ తిరిగి వస్తుంది. అది గుళ్లకూ మసీదులకూ చర్చిలకూ కూడా వర్తించే పథకమే. మన అన్నదాన సత్రాలవాళ్లు దీని గురించి ఒకసారి వాకబు చేసుకోవచ్చు.

సిక్కులు మనకు పరాయివాళ్లేమీ కాదు. నిజాం కొలువులోని దివాన్ చందూలాల్ కాలంలో, 1832లో, రంజిత్ సింగ్ పంపిన సిక్కు దళం, లాహోర్ ఫౌజ్, హైదరాబాద్ వచ్చి ఇక్కడే ఉండిపోయింది. కిషన్‌బాగ్ వైపు సిక్ ఛావనీ వాళ్లదే, అక్కడి గురుద్వారా బరంబాలా వాళ్లదే. నాందేడ్ కూడా 1956 దాకా మన హైదరాబాద్ రాష్ట్రంలోనిదే. బీదర్ సంగతీ అంతే, ఖాల్సాలో మొదట చేరిన అయిదుగురు పంచ్ ప్యారేల్లో ఒకరైన భాయీ సాహిబ్ సింగ్ ఆ ఊరివాడు. నానక్ ఝీరాలో రాతి సందులోంచి వచ్చే ఊట నీళ్లు తాగి, సీసాలో పట్టుకోవచ్చు. పక్కనున్న అమృత్ కుండ్ అనే కోనేటిలో సబ్బు వాడకూడదు, బట్టలు ఉతకకూడదు. నీళ్లలో నడిచి వెళ్లే ఝర్ణీ గుహలోంచి తడిబట్టలతో నేరుగా దర్బారులోకి వచ్చేసే అలవాటు ఒకటుంది, బట్టలు మార్చుకుని రావడం బాగుంటుంది.

అమృత్‌సర్ వెళ్లేవాళ్లకు చెప్పేది తక్కువ. పద్ధతులన్నీ ఇవే, మనుషులే ఎక్కువ. అక్కడి లంగరు రాత్రీ పగలూ ఆగదు, మామూలు రోజుల్లోనే 50 వేల మందికి పైగా తింటారు. పిల్లలు తప్పిపోతే కలుసుకునే చోటు ముందే అనుకోండి. నాలుగు దిక్కులా ద్వారాలున్నాయి, 'గేటు దగ్గర' అంటే ఏ గేటో తెలియదు. హర్మందిర్ సాహిబ్, అంటే స్వర్ణ దేవాలయం లోపల ఫొటోలు నిషేధం. నాందేడ్ నుంచి అమృత్‌సర్ దాకా వెళ్లే సచ్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే దారిలో కొన్ని స్టేషన్లలో రైలు దగ్గరికే లంగరు తెస్తారు. పళ్లెం, గిన్నె, గ్లాసు మనమే పట్టుకెళ్లాలి, ప్లాట్‌ఫామ్ మీద వాళ్ల చేతిలో ఉండేది బకెట్టూ గరిటే.

విదేశాల్లో చదివే మన పిల్లలు చాలామంది వారాంతంలో గురుద్వారాలో తింటారు. తల్లిదండ్రులు దాన్ని నామోషీగా అనుకోనక్కర్లేదు, పిల్లలూ దొంగచాటుగా వెళ్లనక్కర్లేదు. వారానికి ఒక అరపూట పళ్లేలు కడిగే పిల్లల్ని అక్కడివాళ్లు పేరుతో గుర్తుపెట్టుకుంటారు. డబ్బాలు తెచ్చి వారానికి సరిపడా నింపుకెళ్లడం మాత్రం మాట తెస్తుంది. నిజంగా ఇబ్బంది ఉంటే ఆ మాటే చెప్పి అడిగితే కాదనరు.

టూరు నడిపేవాళ్లకు మా విన్నపం ఒక్కటే. నాందేడ్‌కైనా బీదర్‌కైనా రెండు గంటలు కేటాయించండి. చెప్పులు, చేతులు, తలగుడ్డలకు పావుగంట. దర్బారులో అరగంట. పంగత్ ఒక విడత నిండి, తిని లేవడానికి ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు. మిగిలిన ముప్పావుగంట సేవకు. బస్సు బయల్దేరే టైము దిగేటప్పుడే అందరికీ చెప్పండి, పంగత్‌లో కూర్చున్నవాళ్లకు ఫోను చేయకండి. నాలుగైదు బస్సులు కలిసి వస్తుంటే, అంటే రెండువందల మందికి మించితే, ముందురోజు సాయంత్రంలోపే లంగరు చూసేవాళ్లకు కబురు చేయండి. మినుములు ఎన్ని నానబెట్టాలో వాళ్లు తేల్చుకునేది రాత్రికే.

ఇట్లు,
లంగరు సేవలో ఉండే కొందరు తెలుగువాళ్లం,
నిజామాబాద్